అమెరికాలో అమ్మానాన్నలకు సీనియర్ భోజనం: ఎవరికి ఇస్తారు, ఎలా అడగాలి

పొద్దున ఎనిమిదికల్లా కొడుకు, కోడలు ఆఫీసుకి, పిల్లలు స్కూలుకి వెళ్లిపోతే సాయంత్రం దాకా ఇంట్లో ఉండేది ఆ ఇద్దరే. మధ్యాహ్నం నిన్నటి కూర, ఇంత పెరుగన్నం. ఓపిక లేని రోజు రెండు బిస్కెట్లు, టీ. మీ ఇంట్లో పరిస్థితి ఇలాగే ఉంటే, లేదా అమ్మానాన్నలు వేరే అపార్ట్‌మెంట్‌లో ఉంటూ వంట భారమైపోతుంటే, ఈ ఒక్క పూట కోసమే అమెరికాలో ఒక ప్రభుత్వ ఏర్పాటు ఉంది. 1965 నాటి ఓల్డర్ అమెరికన్స్ యాక్ట్‌లో 1972లో భోజన కార్యక్రమాన్ని చేర్చారు. ఇందులో రెండు రకాలు. ఒకటి, సీనియర్ సెంటర్‌లో నలుగురితో కూర్చుని తినేది. రెండోది, ఇంటికి తెచ్చి ఇచ్చేది. జనం నోట్లో రెండోదాని పేరు మీల్స్ ఆన్ వీల్స్. రెంటికీ అర్హతలు వేరు, అడిగే తీరు కూడా వేరు.

ముందుగా ఒక అపోహ తీసేయాలి. మనవాళ్లు చాలామంది "అది పేదవాళ్లకి పెట్టేది, మనకెందుకిస్తారు" అనుకుని ఫోనే చేయరు. ఈ చట్టం కింద పెట్టే భోజనానికి ఆదాయ పరిమితి లేదు. జీతం స్లిప్పులు, టాక్స్ రిటర్న్‌లు, బ్యాంకు బ్యాలెన్సు చూపించి అర్హత నిరూపించుకోవాల్సిన పని లేదు. కొడుకు ఎంత సంపాదిస్తాడన్నది అసలు ప్రశ్నే కాదు. తక్కువ ఆదాయం, ఒంటరితనం, ఇంగ్లిషు సరిగా రాకపోవడం, పల్లెప్రాంతంలో ఉండడం లాంటివి ప్రాధాన్యం ఇచ్చేటప్పుడు చూస్తారు. అంటే అవి క్యూలో ముందుకు జరుపుతాయి తప్ప, లేనివాళ్లను తలుపు దగ్గరే ఆపేయవు.

ముందు వయసు లెక్క చూసుకోండి

అరవై నిండి ఉండాలి. మెడికేర్‌కి (పెద్దల ప్రభుత్వ ఆరోగ్య బీమా) అరవై ఐదు కదా అని ఇక్కడా అదే అనుకుని ఐదేళ్లు వదిలేసుకునేవాళ్లున్నారు. వయసును చాలాచోట్ల నోటిమాటగానే రాసుకుంటారు. అయినా పాస్‌పోర్టో, స్టేట్ ఐడీయో దగ్గర పెట్టుకోండి. మన పెద్దల్లో అసలు పుట్టినరోజు ఒకటి, స్కూల్లో వేయించింది ఇంకొకటి. ఫారంలో పాస్‌పోర్టులో ఉన్నదే రాయాలి. పేరు కూడా అంతే. ఇంటిపేరు ముందా వెనకా అన్న గందరగోళంతో ఒకే మనిషి రెండు పేర్లతో నమోదైతే, రేపు డెలివరీ లిస్టులో పేరు కనబడదు.

భార్య లేదా భర్త వయసు ఎంతైనా ఫరవాలేదు. ఇది మన ఇళ్లకి బాగా పనికొచ్చే నియమం. నాన్నగారికి అరవై రెండు, అమ్మకి యాభై నాలుగు అయినా ఆయన అర్హతతో ఆవిడకీ భోజనం పెడతారు. ఇంటికి తెచ్చే భోజనంలోనూ ఇదే వర్తిస్తుంది. కానీ అడగకపోతే ఒక్క పొట్లమే రావచ్చు, అందుకని మొదటి ఫోన్‌లోనే "ఇద్దరికి" అని చెప్పండి.

అరవై లోపువాళ్లలో ఇంకొందరికి కూడా దారి ఉంది. అరవై దాటిన తల్లిదండ్రులతోనే ఒకే ఇంట్లో ఉంటున్న వికలాంగుడైన కొడుకో కూతురో వాళ్లతో పాటు సెంటర్‌కి వచ్చి తినవచ్చు. ఎక్కువమంది పెద్దవాళ్లే ఉండే హౌసింగ్ బిల్డింగ్‌లో అక్కడే భోజనం పెడుతుంటే, అందులో ఉండే వికలాంగులకీ పెట్టవచ్చు. భోజనం వేళ వడ్డించే వాలంటీర్లకి కూడా పెట్టే వీలుంది. అత్తగారిని కార్లో దింపడానికి వచ్చిన కోడలు మాత్రం అతిథి లెక్కలోకి వస్తుంది. ఆవిడ తింటే పూర్తి ధర కట్టాలి.

పౌరసత్వం, గ్రీన్‌కార్డు సంగతి

చట్టంలో చెప్పిన అర్హత షరతుల్లో వయసు ఉంది, అవసరం ఉంది, పౌరసత్వం లేదు. స్నాప్‌కి (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి తిండి సాయం), మెడికెయిడ్‌కి (వాళ్లకే ఇచ్చే ఆరోగ్య బీమా) ఉన్నట్టు గ్రీన్‌కార్డు వచ్చి ఐదేళ్లు నిండాలన్న షరతు కూడా ఇందులో లేదు. అమ్మానాన్నలని స్పాన్సర్ చేసినప్పుడు మీరు ఐ-864 (వాళ్ల పోషణ బాధ్యత నాదని రాసిచ్చే పత్రం) మీద సంతకం పెట్టి ఉంటారు కాబట్టి, ఈ భోజనం బిల్లు మీ మీద పడుతుందేమోనన్న భయం సహజం. ఆ పత్రం వర్తించేది ఆదాయం చూసి ఇచ్చే సహాయాలకి. ఇది ఆదాయం చూసి ఇచ్చేది కాదు. విజిటర్ వీసా మీద ఆరు నెలలకి వచ్చినవాళ్ల విషయం వేరు. అమెరికాలో నివాసం ఉంటున్న పెద్దల కోసం పెట్టిన సొమ్ము ఇది కాబట్టి, వాళ్లు సెంటర్‌కి వెళ్లాలనుకుంటే ముందు మేనేజర్‌ని అడిగి, అతిథి ధర కట్టి తినడమే మర్యాద. ఇమిగ్రేషన్ కేసు ఏదైనా నడుస్తుంటే లాయర్ని ఒక్కమాట అడగండి.

ఎవరికి ఫోన్ చేయాలి

దాదాపు ప్రతి ప్రాంతానికీ ఏరియా ఏజెన్సీ ఆన్ ఏజింగ్ అని పెద్దల సేవలు చూసే సంస్థ ఒకటి ఉంటుంది. దేశం మొత్తం మీద ఇవి ఆరు వందలకు పైనే. కొన్ని కౌంటీ ఆఫీసులో భాగంగా ఉంటాయి, కొన్ని విడి సంస్థలు. మీది ఏదో తెలియకపోతే ఎల్డర్‌కేర్ లొకేటర్ నంబరు 1-800-677-1116కి ఫోన్ చేసి జిప్ కోడ్ చెప్పండి. 211 అనే స్థానిక సహాయ నంబరుకి చేసినా దారి చూపిస్తారు.

నేరుగా దగ్గర్లో కనబడిన మీల్స్ ఆన్ వీల్స్‌కి ఫోన్ చేస్తే తప్పేం లేదు, కానీ ఒక చిక్కు ఉంది. ఆ పేరుతో పనిచేసే సంస్థల్లో కొన్ని చందాలతో నడిచేవి. అవి పూటకింత అని ధర కట్టించుకోవచ్చు, సొంత నియమాలు పెట్టుకోవచ్చు. అందుకని మొదటి ప్రశ్నగా "ఇది ఓల్డర్ అమెరికన్స్ యాక్ట్ నిధులతో ఇచ్చే భోజనమేనా?" అని అడగండి. పైన చెప్పిన ఆదాయం నియమమూ, కింద చెప్పబోయే విరాళం నియమమూ ఆ నిధులకే వర్తిస్తాయి.

అమ్మకి ఇంగ్లిషు ఇబ్బందైతే "తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలి" అని ముందే చెప్పండి. ఫెడరల్ సొమ్ము తీసుకునే సంస్థలు భాషా సహాయం ఉచితంగా ఏర్పాటు చేయాలి. చాలావరకు ఫోన్‌లో మూడో మనిషిని కలుపుతారు. "నేనున్నాగా, నేను చెప్తాలే" అని మీరు ఇంటర్‌ప్రెటర్ పని నెత్తిన వేసుకోకపోవడమే మంచిది. ఎందుకో కింద చూడండి.

సెంటర్‌లో భోజనం: సులువైన దారి

దీనికి ఇంటర్వ్యూల తంతు ఉండదు. మొదటి రోజు ఒక పేజీ రెండు పేజీల ఫారం నింపి రిజిస్టర్ అవుతారు. పేరు, చిరునామా, పుట్టిన తేదీ, అత్యవసరమైతే పిలవాల్సిన మనిషి, ఒంటరిగా ఉంటారా, ఆదాయం పేదరికపు రేఖకి కిందా పైనా అన్నవి అడుగుతారు. ఆ చివరిది ప్రభుత్వానికి పంపే లెక్కల కోసం. దానికి జవాబు చెప్పడం ఇష్టం లేకపోతే ఆ మాటే చెప్పండి, భోజనం ఆగదు.

చాలా సెంటర్లలో ముందు రోజే పేరు చెప్పి రిజర్వ్ చేసుకోవాలి, కొన్నిచోట్ల ఇంకా ముందే. చెప్పకుండా వెళ్తే, రిజర్వ్ చేసుకున్నవాళ్లు రాకపోతే మిగిలింది పెడతారు. వెళ్లగానే సంతకం పుస్తకంలో సంతకం పెట్టడం మర్చిపోవద్దు. సెంటర్‌కి డబ్బు వచ్చేది ఆ లెక్క మీదే. ఇంకో మాట, మిగిలిన అన్నం డబ్బాలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకోవడం మనకి మామూలే కానీ అక్కడ వేడి పదార్థాలు బయటికి తీసుకెళ్లనివ్వని సెంటర్లే ఎక్కువ. దారిలో చల్లారి పాడైతే బాధ్యత వాళ్లదవుతుంది. అరటిపండో బ్రెడ్డో అయితే సాధారణంగా ఏమీ అనరు. కారు లేకపోతే సెంటర్‌కి వ్యాన్ ఉందేమో అడగండి. అడిగితేనే చెప్పేవాటిలో ఇది మొదటిది.

2024లో వచ్చిన ఫెడరల్ నియమాల ప్రకారం సెంటర్ భోజనం సొమ్ములో 25 శాతం దాకా, వచ్చి పొట్లం తీసుకెళ్లే ఏర్పాటుకి వాడే వీలుంది. మీ ఊళ్లో ఉందో లేదో కనుక్కోండి. నలుగురిలో కూర్చోవడానికి మొహమాటపడే నాన్నగారికి ఇది బాగుంటుంది. మా సలహా మాత్రం కనీసం నెల రోజులు కూర్చుని తినేలా చూడమని. కబుర్లు చెప్పుకునే ఆ గంట కూడా ఈ కార్యక్రమంలో భాగమే.

ఇంటికి భోజనం: అసలు పరీక్ష ఇక్కడ

దీనికి వయసు ఒక్కటే సరిపోదు. ఎవరి సాయం లేకుండా ఇల్లు దాటగలరా, సరుకులు తెచ్చుకోగలరా, పోషకాహారం వండుకోగలరా, వైకల్యం ఎంత, మానసిక స్థితి ఎలా ఉంది అన్నవి చూస్తారు. దేనికి ఎంత బరువు ఇవ్వాలన్నది రాష్ట్రాన్ని బట్టి, ఏజెన్సీని బట్టి మారుతుంది. ఒక మనిషి ఇంటికి వచ్చో, ఫోన్‌లోనో అరగంట నుంచి గంట దాకా ప్రశ్నలు వేస్తారు. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. జబ్బు చాలక కాదు, చెప్పడం చేతకాక.

"వంట చేసుకోగలరా?" అంటే మన అమ్మలు "ఆఁ, చేసుకుంటా" అంటారు. పక్కన కొడుకు కూర్చుంటే మరీను. నలభై ఏళ్లు పదిమందికి వండిపెట్టిన మనిషి వండలేనని ఎలా ఒప్పుకుంటుంది? పైగా అలా అంటే కొడుకు చూసుకోవడం లేదన్నట్టవుతుందని భయం. అందుకే ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టించి మీరు పక్కగదిలోకి వెళ్లమన్నది. అడిగేవాళ్లకి కావాల్సింది అవునూ కాదూ కాదు, రోజూ జరిగేది. రైస్ కుక్కర్ పెట్టగలదు, కానీ పది నిమిషాలకు మించి నిలబడలేదు. కూర తరగడానికి వేళ్లు వంగవు. పోయిన నెల్లో రెండుసార్లు స్టవ్ మీద గిన్నె మాడిపోయింది. ఇండియన్ స్టోర్ పన్నెండు మైళ్లు, డ్రైవింగ్ రాదు. ఇలా చెప్పాలి. ఓపికున్న రోజుని కాకుండా వారంలో ఎక్కువ రోజులు ఎలా గడుస్తాయో అది చెప్పండి. ఉన్నదాన్ని పెంచి చెప్పవద్దు. ఇంటికొచ్చి చూసేవాళ్లకి తెలిసిపోతుంది, ఒకసారి నమ్మకం పోతే అంతే.

రెండు విషయాల్లో అనవసరంగా వెనక్కి తగ్గకండి. కొడుకు ఇంట్లో ఉంటున్నంత మాత్రాన అర్హత పోదు. మధ్యాహ్నం పన్నెండింటికి వండిపెట్టగలిగే మనిషి ఇంట్లో ఉన్నారా లేదా అన్నది ప్రశ్న. అందరి ఆఫీసు, స్కూలు వేళలు ఒక కాగితం మీద రాసి ఉంచండి. రెండోది, శనివారం గుడికి తీసుకెళ్తున్నారు కాబట్టి ఇల్లు దాటలేనివాళ్ల కింద రారేమో అన్న అనుమానం. ఇల్లు దాటలేకపోవడమంటే మంచం పట్టడం కాదు. వాకర్‌తో, ఒకరి చెయ్యి పట్టుకుని, కార్లో దింపితే డాక్టర్ దగ్గరికో గుడికో వెళ్లగలగడం వేరు, ఒంటరిగా బస్సెక్కి సెంటర్‌కి వెళ్లిరావడం వేరు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

సాధారణంగా రెండు జాబితాలు అడుగుతారు. మొదటిది ఒంటి పనులు: తినడం, స్నానం, బట్టలు వేసుకోవడం, టాయిలెట్, మంచం మీంచి కుర్చీలోకి మారడం, నడక. రెండోది ఇంటి పనులు: వంట, సరుకులు, మందులు వేళకి వేసుకోవడం, డబ్బు లెక్కలు, ఫోన్, తేలిక పని, బరువు పని, రాకపోకలు. ఒక పనికి చేయి పట్టుకోవాల్సి వచ్చినా, పక్కన ఉండి గుర్తు చేయాల్సి వచ్చినా అది సాయం కిందే లెక్క. "తనే చేసుకుంటుంది, నేను చెప్తూ ఉండాలి" అన్నదాన్ని "తనే చేసుకుంటుంది" దగ్గర ఆపేయకండి.

పది ప్రశ్నల చీటీ

వీటితో పాటు పోషణ ప్రమాదం కొలిచే చిన్న చీటీ ఒకటి ఉంటుంది. చాలాచోట్ల వాడేది డిటర్మిన్ అనే పది ప్రశ్నలది. అవునంటే వచ్చే మార్కులు ఇవి:

- జబ్బు వల్ల తినే రకమో మోతాదో మారింది: 2
- రోజుకి రెండు పూటలకన్నా తక్కువ తింటారు: 3
- పళ్లు, కూరగాయలు, పాల పదార్థాలు తక్కువ: 2
- దాదాపు రోజూ మూడు లేదా అంతకన్నా ఎక్కువ మద్యం డ్రింకులు: 2
- పళ్లు, నోటి సమస్యతో తినడం కష్టం: 2
- కావాల్సిన తిండి కొనడానికి ఒక్కోసారి డబ్బు సరిపోదు: 4
- ఎక్కువసార్లు ఒంటరిగానే తింటారు: 1
- రోజుకి మూడు లేదా అంతకన్నా ఎక్కువ మందులు: 1
- ఆరు నెలల్లో అనుకోకుండా పది పౌన్లు తగ్గారు లేదా పెరిగారు: 2
- సరుకులు తెచ్చుకోవడం, వండుకోవడం, తినడం ఒక్కోసారి ఒంటికి చేతకాదు: 2

మొత్తం 21. రెండు దాకా మంచిదే, మూడు నుంచి ఐదు మధ్యస్థం, ఆరు, ఆపైన వస్తే ఎక్కువ ప్రమాదం. ఈ మార్కుతోనే అర్హత రాదు, పోదు. క్యూలో చోటు, డైటీషియన్ సలహా ఇలాంటివాటికి పనికొస్తుంది. మన ఇళ్లలో తప్పు జవాబులు పడేవి రెండు మూడుంటాయి. మందుల లెక్కలో బీపీ బిళ్ల, షుగర్ బిళ్ల చెప్పి, డాక్టర్ చీటీ లేకుండా కొనుక్కునేవి వదిలేస్తారు. అవి కూడా లెక్కే. శనివారం ఒంటిపూట, ఏకాదశి ఉపవాసం వల్ల రెండు పూటల ప్రశ్నకి అవునని చెప్పక్కర్లేదు, రోజువారీ అలవాటు చెప్పాలి. పది పౌన్లంటే దాదాపు నాలుగున్నర కిలోలు. ఇండియా నుంచి వచ్చేముందు చూయించుకున్న బరువు కాగితం ఉంటే తీసిపెట్టుకోండి, ఆరు నెలల లోపుదైతే పనికొస్తుంది.

డబ్బు: విరాళమే, బిల్లు కాదు

ఫారం అయ్యాక "సూచించిన విరాళం" అని కొద్ది డాలర్ల అంకె చెప్తారు. ఇవ్వడం ఇవ్వకపోవడం మీ ఇష్టం. ఇవ్వలేదని భోజనం ఆపడానికి చట్టం ఒప్పుకోదు. ఎవరు ఎంతిచ్చారన్నది బయటికి తెలియకుండా చూడాలి కూడా. అందుకే సెంటర్లలో మూత ఉన్న పెట్టె, కవర్లు పెడతారు. ఇంటి భోజనానికి నెలనెలా ఒక కాగితం వస్తుంది. చూడ్డానికి అచ్చం బిల్లులా ఉంటుంది, పెద్దవాళ్లు అప్పుపడ్డామని హడలిపోయి భోజనం మానేస్తామంటారు. అది విరాళం చీటీ అని ముందే చెప్పి ఉంచండి. ఆదాయం పేదరికపు రేఖకి 185 శాతం, ఆపైన ఉన్నవాళ్లని భోజనం ఖర్చుకి దగ్గరగా ఇమ్మని ప్రోత్సహిస్తారు. 2025 లెక్కలో ఒక్క మనిషికి ఆ రేఖ ఏడాదికి 15,650 డాలర్లు, అంటే 185 శాతం దాదాపు 28,950. ఇదీ బలవంతం కాదు. ఇవ్వగలిగినవాళ్లు మాత్రం ఇవ్వండి. ఆ సొమ్ము వెయిటింగ్ లిస్టులో ఉన్న మరొకరి పొట్లంగా మారుతుంది.

పళ్లెంలో ఏముంటుంది, మనం ఏం చెప్పాలి

ఒక్కో భోజనం రోజుకి కావాల్సిన పోషకాల్లో కనీసం మూడోవంతు ఇవ్వాలన్నది నియమం. వారానికి ఐదు రోజులు, రోజుకి కనీసం ఒక పూట అన్నది మామూలు ఏర్పాటు, పల్లెప్రాంతాల్లో తగ్గవచ్చు. ఇంటికి వచ్చేది ప్రతిరోజూ వేడిగానే ఉండాలని లేదు. వారానికి సరిపడా ఫ్రోజెన్ పొట్లాలు ఒకేసారి దింపేచోట్లూ ఉన్నాయి. ఫ్రీజర్‌లో చోటుందా, అమ్మకి మైక్రోవేవ్ నొక్కడం వచ్చా అన్నవి ముందే చూసుకోండి.

ఆరోగ్యం, మతం, అలవాట్లని బట్టి వీలైనంత మార్చి ఇవ్వాలని చట్టమే అంటుంది. "వీలైనంత" అన్న మాట దగ్గరే మన శాకాహారం ఇరుక్కుంటుంది. ఉత్త "వెజిటేరియన్" అంటే గుడ్డు వస్తుంది, చికెన్ నీళ్లతో చేసిన సూప్ రావచ్చు, జెలటిన్ వేసిన జెల్లీ రావచ్చు, కొందరికి చేప కూడా శాకాహారమే. కాబట్టి మాంసం, చేప, గుడ్డు, వాటితో తీసిన రసం, కొవ్వు, జెలటిన్ ఏవీ వద్దు, పాలు పెరుగు ఫరవాలేదు అని విడివిడిగా రాసి ఇవ్వండి. నెల మెనూ అడిగి తీసుకుని కుదరని రోజులు కొట్టేసి, ఆ రోజులకి వద్దని చెప్పేయవచ్చు. పెద్ద ఊళ్లలో మనవాళ్ల రుచికి వండే సెంటర్లు కూడా ఉంటాయి. న్యూయార్క్ క్వీన్స్‌లో ఇండియా హోమ్ లాంటి సంస్థ దక్షిణాసియా పెద్దల కోసమే నడుస్తోంది. మీ ఏజెన్సీ పంపే భోజనశాలల జాబితాలో అలాంటివి ఉన్నాయా అని అడగండి. పెట్టింది చప్పగా ఉంటుంది, ఉప్పు కొలిచి వేస్తారు. ఆవకాయ కలుపుకుంటే రుచి వస్తుంది, ఆ కొలత మటుకు పోతుంది.

వేడి పొట్లం వచ్చిన రెండు గంటల్లోపు తినాలి, లేదా ఫ్రిజ్‌లో పెట్టాలి. మళ్లీ వేడి చేసేటప్పుడు 165 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి చేరాలి. థర్మామీటర్ లేకపోతే మధ్యలో కలిపి, అంతటా పొగలు వచ్చేదాకా వేడి చేయాలి. సాయంత్రం కొడుకు వచ్చాక కలిసి తిందామని బల్లమీద అలాగే ఉంచేయడం పెద్దవాళ్ల అలవాటు. పొట్ట పాడయ్యేది దాంతోనే.

తెచ్చేవాళ్లు గుమ్మంలో పెట్టేసి వెళ్లరు, మనిషిని చూసి చేతికిస్తారు. బాగున్నారో లేదో చూడడం కూడా వాళ్ల పనిలో భాగం. తలుపు తీయకపోతే మీరిచ్చిన అత్యవసర నంబరుకి ఫోన్ చేస్తారు. ఆ నంబరు మీటింగుల్లో ఎత్తనిదైతే పోలీసుల్ని పంపే పరిస్థితి రావచ్చు. గేటు కోడ్ ఇవ్వండి, కుక్కని కట్టేయండి, డాక్టర్ అపాయింట్‌మెంట్ ఉంటే ముందు రోజే ఫోన్ చేసి ఆపించండి. చెప్పకుండా పదేపదే లేకపోతే పేరు తీసేస్తారు.

వెయిటింగ్ లిస్టు, తిరస్కారం

అర్హత ఉన్నా వెంటనే మొదలవుతుందన్న నమ్మకం లేదు. సొమ్ము పరిమితంగా వస్తుంది, అడిగేవాళ్లు ఎక్కువ. లిస్టులో పెట్టారంటే ఏ ప్రాతిపదికన వరస వేస్తారో అడగండి, పేరు, తేదీ రాసుకోండి. ఆ తరవాత పడిపోవడమో, ఆసుపత్రిలో చేరడమో జరిగితే ఆ రోజే ఫోన్ చేసి మళ్లీ అంచనా వేయమనండి. పాత మార్కులతోనే కూర్చోబెడితే వరస మారదు. ఈలోగా మెడికెయిడ్ ఉంటే, ఇంటి దగ్గరే సేవలిచ్చే దాని వెయివర్ కార్యక్రమం కింద భోజనం వస్తుందేమో కేస్ మేనేజర్‌ని, మెడికేర్ అడ్వాంటేజ్ (ప్రైవేటు కంపెనీ నడిపే మెడికేర్ ప్లాన్) ఉంటే డిశ్చార్జ్ తరవాత కొన్నాళ్లు భోజనం ఇచ్చే వసతి ఆ ప్లాన్‌లో ఉందేమో అడగండి. ప్రభుత్వమే నేరుగా నడిపే ఒరిజినల్ మెడికేర్ దీనికి డబ్బు ఇవ్వదు.

కుదరదన్నారనుకోండి, ఏ ప్రశ్న దగ్గర ఆగిందో కాగితం మీద అడగండి. సేవ నిరాకరించినవాళ్లు ఫిర్యాదు చేసుకునే పద్ధతి ప్రతి ఏరియా ఏజెన్సీకీ ఉండి తీరాలి. అయితే ఫిర్యాదు కన్నా ముందు, "వంట చేసుకోగలదు" అని రాసుకున్న జవాబుని సరిదిద్దించుకుని మళ్లీ అంచనా వేయించుకోవడమే తొందరగా తేలుతుంది.

మొదలయ్యాక కూడా కొన్ని నెలలకోసారి మళ్లీ అవే ప్రశ్నలు అడుగుతారు. ఆ ఫోన్ తెలియని నంబరు నుంచి వస్తుంది, స్కామ్ అనుకుని ఎత్తరు, కేసు మూసేస్తారు. ఏజెన్సీ నంబరుని అమ్మ ఫోన్‌లో పేరు పెట్టి సేవ్ చేయండి. చలికాలం ఇండియా వెళ్తుంటే టికెట్లు కొనగానే చెప్పి, ఎన్ని వారాలు పేరు ఆపి ఉంచగలరో అడగండి. ఆ గడువు దాటే ప్రయాణమైతే తిరిగొచ్చే తేదీకి ముందే మళ్లీ దరఖాస్తు వేసి వెళ్లొచ్చేమో కనుక్కోండి. లేదంటే మూడు నెలల తరవాత దిగేసరికి వరసలో చివర నిలబడాల్సి వస్తుంది.